హెచ్.ఐ.వి. ఉన్న గర్భవతి – ఇంటి పెద్దల పాత్ర

(మన సంఘం ఏర్పాటు చేసిన ఆరోగ్య సదస్సులో సంఘ సభ్యురాలు, విశ్రాంత హెడ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పుల గురించి నాకు ముందు మాట్లాడిన డాక్టరుగారు చక్కగా చెప్పారు. నన్ను పిలిచినప్పుడు కార్యదర్శిగారు "అమ్మా, మీకు నచ్చిన విషయం మీద ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. నేను విషయం చెప్పగానే మాత్రం కొంచెం తటపటాయించారు. "డెబ్బయి ఏళ్ల వాళ్ల సభలో గర్భిణుల సంగతి, అందులోను హెచ్.ఐ.వి. సంగతి ఎందుకమ్మా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికే ముందు జవాబు చెబుతాను.

మన ఇళ్లలో కడుపుతో ఉన్న పిల్ల ఏం తినాలి, ఏం తినకూడదు, ఆసుపత్రికి ఎప్పుడు తీసుకువెళ్లాలి, పుట్టింటికి ఏ నెలలో పంపాలి, పుట్టిన బిడ్డ నోట్లో మొదట ఏం వేయాలి అన్నవి ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆ పిల్ల కాదు. చాలా ఇళ్లలో ఆమె భర్త కూడ కాదు. అత్తగారు, అమ్మగారు, అమ్మమ్మ, వెనుక కుర్చీలో కూర్చుని డబ్బు ఇచ్చే మామగారు. అంటే ఈ హాలులో ఉన్న మనమే.

రెండో కారణం మరీ దగ్గరిది. 1990ల చివర, 2000 తరువాతి మొదటి నాలుగైదు సంవత్సరాలలో ఈ జబ్బు మన కోస్తా జిల్లాలలో ఎన్ని కుటుంబాలను తుడిచిపెట్టిందో మీకు తెలుసు. అప్పట్లో ఉమ్మడి రాష్ట్రంలో గర్భిణుల రక్తం పరీక్షిస్తే నూటికి ఒకరికి మించి జబ్బు బయటపడేది. కొడుకు పోయి, కోడలు పోయి, మనుమడినో మనుమరాలినో తాతా నాయనమ్మలు తమ పెన్షనుతో పెంచారు. అటువంటివారు మన సంఘంలోను ఉన్నారు, ఎవరన్నది నేను చెప్పను. పుట్టుకతోనే ఆ జబ్బు సోకిన ఆ పిల్లలలో మందులు వాడుతూ బ్రతికి బయటపడినవారికి ఇప్పుడు ఇరవై, పాతిక ఏళ్లు. ఆడపిల్లలకు పెళ్లిళ్లు అవుతున్నాయి, కాన్పులు అవుతున్నాయి. ఇది మన గడప దాటి ఎక్కడో జరిగే సంగతి కాదు. 2021 సంవత్సరపు జాతీయ అంచనాల ప్రకారం దేశంలో వయోజనులలో హెచ్.ఐ.వి. ఉన్నవారు 0.21 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం ఉన్నారు. తగ్గింది, నిజమే. పోలేదు.

ఇక అసలు విషయం. హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీ బిడ్డను కనకూడదు అన్న రోజులు గతించాయి. మన దేశంలో ఈ జబ్బు మొదట 1986లో మద్రాసులో బయటపడింది. ఏ మందూ వాడకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. 1994లో అమెరికాలోను ఫ్రాన్సులోను జరిగిన పరీక్షలో జిడోవుడిన్ అనే మందు ఇస్తే అది 25.5 శాతం నుంచి 8.3 శాతానికి దిగింది. 1999లో ఉగాండాలో నెవిరపిన్ అనే ఒకే ఒక్క మాత్రతో సగానికి సగం తగ్గించవచ్చని తేలింది. 2002 నుంచి మన దేశంలో ఆ మాత్ర కార్యక్రమంగా వచ్చింది. నొప్పులు మొదలు కాగానే తల్లికి ఒక మాత్ర, పుట్టిన 72 గంటల లోపల బిడ్డకు చుక్కలు. కాన్పుల గదిలో నా చేతులతో ఇచ్చాను. ఆనాడు మాకు అదే అమృతం. కాని ఆ మాత్ర బిడ్డను కాపాడేదే తప్ప తల్లికి ఏమీ చేసేది కాదు. బిడ్డను ఎత్తుకుని వెళ్లిన తల్లి రెండేళ్లకు క్షయతో తిరిగి వచ్చేది. 2004 ఏప్రిల్ 1 నుంచి ఎ.ఆర్.టి. మందులు ఉచితంగా మొదలయ్యాయి. 2012లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలలో గర్భిణులకు ఒక మాత్ర బదులు మూడు మందుల వైద్యం ప్రవేశపెట్టారు. 2014 నుంచి దేశమంతటా, రక్తంలో కణాల లెక్క ఎంత ఉన్నా సరే, హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి గర్భవతికీ జీవితాంతం మందులు ఇస్తున్నారు.

అయితే బిడ్డకు జబ్బు అంటకుండా చూడటంతో పని పూర్తి కాదు. ఇది చాలామంది మరచిపోయే సంగతి. బిడ్డకు పరీక్షలో ఏమీ లేదని తేలినా, ఏడో నెలలోనే పుట్టి పోవచ్చు. కిలోన్నర బరువుతో పుట్టి గాజు పెట్టెలో నెల రోజులు ఉండవచ్చు. కడుపులోనే పోవచ్చు. తల్లే పోవచ్చు. 2016లో అనేక దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క తీశారు. మందులు వాడని హెచ్.ఐ.వి. తల్లులలో నెలలు నిండని కాన్పులు, జబ్బు లేని తల్లులతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు. రెండున్నర కిలోల కన్న తక్కువ బరువుతో పుట్టడం 1.6 రెట్లు. బిడ్డ చనిపోయి పుట్టడం ఇంచుమించు 1.7 రెట్లు.

ఎందుకు అంటే, ఈ వైరస్ రోగనిరోధక శక్తిని దెబ్బతీయడమే కాక శరీరంలో ఎడతెగని ఒక వాపును, ఒక మంటను పెడుతుంది. బిడ్డకు అన్నం, ఊపిరి అందించే మాయకు కూడ ఆ సెగ తగులుతుంది. దానికి తోడు ఇంకో జబ్బు, ఇంకో లోపం కలిస్తే చెడు ఫలితం ఖాయంగా దగ్గర పడుతుంది. నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన చెడిపోయిన కాన్పులలో వైరస్ ఒక్కటే కారణమైనవి తక్కువ. వైరస్‌తో పాటు రక్తం లేకపోవడమో, క్షయో, మందు మానడమో, ఆలస్యంగా రావడమో ఉండేవి. ఈ రెండో వరుసలో ఉన్నవన్నీ మనుషుల చేతిలో ఉన్నవే.

అన్నిటికన్న ముందు కాలం. మందు ఎంత ముందు మొదలయితే అంత మంచిది. ఫ్రాన్సు దేశంలో 2015లో ప్రచురించిన ఒక లెక్క చూడండి. గర్భం రాకముందు నుంచే మందులు వాడుతూ, కాన్పు నాటికి రక్తంలో వైరస్ కొలతకు అందనంతగా తగ్గిన తల్లులకు పుట్టిన 2,651 మంది పిల్లలలో ఒక్కరికి కూడ జబ్బు సోకలేదు. ఒక్కరికి కూడ! అందుచేత జబ్బు ఉందని తెలిసిన ఆడపిల్ల పెళ్లి చేసుకుని పిల్లలు కావాలనుకుంటే, ముందుగా ఎ.ఆర్.టి. కేంద్రంలో చెప్పి, వైరల్ లోడు పరీక్ష చేయించుకుని, అదుపులో ఉందన్నాక గర్భం ధరించడం ఉత్తమం. జబ్బు సంగతి తెలియని పిల్లయితే నెల తప్పిన వెంటనే పేరు నమోదు చేయించాలి, మొదటి మూడు నెలల్లోనే రక్త పరీక్ష కావాలి. "మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదు, దిష్టి తగులుతుంది" అని మన ఇళ్లలో ఒక పట్టింపు ఉంది. చుట్టాలకు చెప్పవద్దు, అభ్యంతరం లేదు. ఏ.ఎన్.ఎం.కు, ఆశా కార్యకర్తకు చెప్పండి. వాళ్లు దిష్టి పెట్టరు.

మందుల మీద కూడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మందే నెలలు నిండకుండా కాన్పు చేస్తుందని కొందరు అంటారు, అందులో కొంత నిజం లేకపోలేదు. భారతదేశంతో సహా ఏడు దేశాల స్త్రీలతో జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. మూడు మందులు కలిపి వాడినవారి పిల్లలకు జబ్బు సోకడం 1.8 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గింది. కాని జిడోవుడిన్ ఒక్కటే వాడినవారి కన్న, దానితో కలిపి మూడు మందులు వాడినవారిలో తక్కువ బరువు పిల్లలు ఎక్కువయ్యారు, 12 శాతం ఉండవలసింది 23 శాతం అయింది. ఆనాటి ఆ కలయికలో లోపినావిర్ అనే మందు ఉండేది. ఆ తరువాత డోలుటెగ్రావిర్ అనే మందు వచ్చింది. ఇప్పుడు మన ఎ.ఆర్.టి. కేంద్రాలలో ప్రధానంగా ఇచ్చేది అది కలిసిన మాత్రే. 2018లో దాని మీద బిడ్డ వెన్నుపాముకు దోషం కలుగుతుందేమో అన్న అనుమానం వచ్చింది. బోట్స్వానాలో ఇంకా ఎక్కువ కాన్పులు లెక్కకు వచ్చేసరికి ఆ అనుమానం తేలిపోయింది. 2021లో ప్రచురించిన మరొక పరీక్షలో డోలుటెగ్రావిర్‌ను కొత్త రకం టెనోఫోవిర్‌తో కలిపి ఇచ్చినప్పుడు చెడు ఫలితాలు 24 శాతం ఉంటే, మిగిలిన రెండు కలయికలలో 33 శాతం ఉన్నాయి. కాబట్టి మందు పడలేదనిపిస్తే డాక్టరు చేత మార్పించుకోవాలి. సొంతంగా ఆపేస్తే వైరస్ కొద్ది వారాలలో మళ్లీ లేస్తుంది, మాయకూ బిడ్డకూ మొదటి ప్రమాదమే తిరిగి వస్తుంది.

మందు ఆగిపోవడం ఎలా జరుగుతుందో చెబుతాను. పుస్తకాలలో "మందు సరిగా వాడకపోవడం" అని ఒక్క ముక్కలో రాస్తారు. దాని వెనుక మన సంసారాలు ఉంటాయి.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో తాతగారు ఒక కార్యాలయంలో అటెండరుగా పనిచేసి రిటైరయ్యారు. మనుమరాలు 2001లో పుట్టింది. ఉచిత మందులు రాకముందే తల్లీ తండ్రీ పోయారు. ఆ పిల్లను ఆయనా ఆయన భార్యా పెంచారు. చిన్ననాటి నుంచి మందులు వాడుతూ డిగ్రీ దాకా చదువుకుంది. అన్నీ తెలిసిన కుర్రవాడే చేసుకున్నాడు. కాని అతని తల్లికి చెప్పలేదు. ఆ పిల్ల మాత్రల సీసా పైకాగితం చింపేసి బియ్యం డబ్బాలో దాచుకునేది. ఎవరూ లేనప్పుడు మింగేది. గర్భం వచ్చింది, వైరస్ అదుపులో ఉంది, అంతా బాగుంది. ఏడో నెలలో సీమంతం. ఇంటినిండా చుట్టాలు. వంటింట్లో పదిమంది ఆడవాళ్లు, ఆ బియ్యం డబ్బా దగ్గరకు వెళ్లే సందు లేదు. అక్కడ నాలుగు రోజులు పోయాయి. వెంటనే పురిటికి తాతగారి ఊరు పంపారు. సీసా అత్తగారింట్లోనే ఉండిపోయింది. ఇక్కడి కేంద్రంలో అడిగితే బదిలీ కాగితం కావాలి. అడగటానికి మొహమాటం, ఫోను చేయటానికి భయం. ఇంకో రెండు వారాలు పోయాయి.

ఆ పిల్ల రాత్రులు నిద్ర పోవడం లేదని తాతగారే గమనించారు. అడిగారు, ఏడ్చింది. మరునాడు ఉదయం ఆయన మొదటి బస్సుకు వెళ్లి పాత కేంద్రంలో కాగితం రాయించుకుని, సాయంత్రానికి మందుతో వచ్చారు. అప్పటి నుంచి కాన్పు దాకా రాత్రి తొమ్మిదింటికి టి.వి.లో వార్తలు మొదలవగానే ఒక గ్లాసు నీళ్లు, ఆ మాత్ర ఆయనే తెచ్చి ఇచ్చేవారు. మాట ఉండేది కాదు, వార్తలు చూస్తున్నట్టే. వైరల్ లోడు మాత్రం అప్పటికే కొంత పెరిగింది. ముప్పయి ఆరు వారాలకే కాన్పు అయింది. బిడ్డ బరువు రెండు కిలోల వంద గ్రాములు. అదనంగా మందులు పోయవలసి వచ్చింది. పద్దెనిమిది నెలల పరీక్ష దాకా ఆ తాతగారు కంటినిండా నిద్రపోలేదు. బిడ్డకు జబ్బు లేదని తేలింది.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. సీమంతం మంచి పనే, పుట్టింటికి పంపడం మంచి ఆచారమే. ఇంట్లో ఒక మనిషికి ఒంటరిగా ఐదు నిమిషాలు దొరకకపోవడం, ఊరు మారేటప్పుడు మందుల సంగతి ఎవరూ అడగకపోవడం, అంతే జరిగింది. ఇటువంటి ప్రయాణం ముందే తెలిసినప్పుడు కేంద్రంలో చెబితే రెండు మూడు నెలల మందు కలిపి ఇస్తారు, లేదా దగ్గరి కేంద్రానికి బదిలీ రాస్తారు. రైలు టిక్కెట్టుకు ముందు ఆ కాగితం చూసుకోవాలి.

ఇక రక్తహీనత. జబ్బు ఉన్నా లేకపోయినా మన రెండు రాష్ట్రాలలోను గర్భిణులలో సగానికి మించి రక్తం తక్కువవారేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. హెచ్.ఐ.వి. తోడయితే అది ఇంకా కుంగుతుంది. జిడోవుడిన్ వాడేవారికి ఆ మందు వల్లనే రక్తం తగ్గవచ్చు. రక్తం తక్కువైన తల్లికి నెలలు నిండకపోవడం, బిడ్డ బరువు తగ్గడం, కాన్పులో కొద్దిపాటి రక్తం పోయినా ప్రాణం మీదికి రావడం, మూడూ ఉన్నాయి. ఐరన్ మాత్రలు ఇస్తే "నల్లగా విరోచనం అవుతోంది, బిడ్డ నల్లగా పుడుతుంది" అని పడేసే ఇళ్లు నేను ఎన్ని చూశానో! బిడ్డ రంగుకూ ఆ మాత్రకూ సంబంధం లేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, దయచేసి రాసుకోండి. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, గ్యాస్‌కు వాడే మందులు పరగడుపున డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకుంటే అవి దానిని పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. మాత్ర మింగినా మింగనట్టే. ఐరన్, కాల్షియంలను అయితే భోజనంతో కలిపి ఒకేసారి వేసుకోవచ్చు. లేదా హెచ్.ఐ.వి. మాత్రను వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తరువాతో వేసుకోవాలి. ఏది ఎప్పుడు అన్నది కేంద్రంలో కౌన్సెలరును అడిగి కాగితం మీద రాయించుకుని గోడకు అంటించుకోవచ్చు. అందులో జబ్బు పేరు రాయనక్కరలేదు.

తిండి సంగతి. "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అని కడుపు మాడ్చే అత్తలు, అమ్మలు ఇంకా ఉన్నారు. బొప్పాయి అంటారు, గుమ్మడికాయ అంటారు, గుడ్డు వేడి అంటారు, పెరుగు చలువ అంటారు. ఇక మిగిలింది చారన్నం. గర్భంలో తగినంత బరువు పెరగని హెచ్.ఐ.వి. తల్లులకు చిన్నబిడ్డలు, చెడు ఫలితాలు ఎక్కువని ఇందాక నేను చెప్పిన 2021 పరీక్షలోని స్త్రీల లెక్కలలో తేలింది. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, వేరుశనగ. తినేవారికి చేపలు, మాంసం. పెద్ద ఖర్చు కాదు, మన డి.ఏ. బకాయిల కోసం ఆగవలసిన పని లేదు.

క్షయ గురించి మాత్రం భయపెట్టే మాటే చెప్పాలి. పూనేలో 2002 నుంచి 2005 దాకా హెచ్.ఐ.వి. ఉన్న బాలింతలను కనిపెట్టి చూశారు. క్షయ వచ్చిన తల్లులకు చావు ముప్పు రెట్టింపుకు మించి, వారి బిడ్డలకు మూడు రెట్లకు మించి ఉంది. రెండు వారాలు దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు పెరగకపోవడం, రాత్రి చెమటలు. గర్భవతిలో వీటిని "వేవిళ్లు, నీరసం" అని కొట్టివేస్తారు. ఇంట్లో ముసలివారికి ఉన్న దగ్గు కూడ చూసుకోవాలి సుమా. మన పాత దగ్గే ఆ పిల్లకు అంటవచ్చు. క్షయ రాకుండా ఇచ్చే ఐసోనియాజిడ్ గురించి కూడ 2019లో ఒక ఫలితం వచ్చింది. గర్భంలోనే మొదలుపెట్టినవారిలో చెడు ఫలితాలు 23.6 శాతం, కాన్పు తరువాత మొదలుపెట్టినవారిలో 17 శాతం. అంతమాత్రాన ఎవరూ సొంతంగా మానకూడదు. ఎప్పుడు ఇవ్వాలో ఆ తల్లి పరిస్థితి చూసి డాక్టరు నిర్ణయిస్తారు.

సవాయి, అంటే సిఫిలిస్, కడుపులో బిడ్డను చంపే జబ్బు. పెన్సిలిన్ సూదులతో నయమయ్యేదానికి బిడ్డలు పోవడం అన్యాయం. హెచ్.ఐ.వి. పరీక్షతో పాటే ఆ పరీక్షా చేస్తారు, ఫలితం అడిగి తెలుసుకోవాలి. పొగాకు మరొకటి. ఉత్తర కోస్తాలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు మన తరం ఆడవాళ్లకు ఉంది. ఇంట్లో కూర్చుని మనం ఊదే పొగ కూడ కడుపులో బిడ్డకు చేరుతుంది. పద్దెనిమిది నిండకుండా పెళ్లి, వెంటనే కాన్పు, ఏడాది తిరగకుండా మరో కాన్పు గురించి విడిగా చెప్పనక్కరలేదు. హెచ్.ఐ.వి. ఉన్న తల్లికి ఇవన్నీ రెండింతలు భారం.

కాన్పు తప్పకుండా ఆసుపత్రిలోనే జరగాలి. హెచ్.ఐ.వి. ఉంటే ఆపరేషనే చేయాలన్నది నిజం కాదు. మందులు సక్రమంగా వాడి వైరస్ అదుపులో ఉంటే మామూలు కాన్పే. మరో కారణం ఉంటేనే ఆపరేషను. ఉమ్మనీరు పోతే ఆలస్యం చేయకూడదు. "ఇంకా నొప్పులు రాలేదు, వర్జ్యం వెళ్లనివ్వండి" అని కూర్చోకూడదు.

ఒకప్పుడు జబ్బు సంగతి తెలియగానే "బెడ్లు ఖాళీ లేవు" అని పంపివేసిన చోట్లు ఉండేవి. నిండు నొప్పులతో ఆటోలో మూడు ఆసుపత్రులు తిరిగి నాలుగో చోటికి మా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు. ఆ ఆలస్యంలో పోయిన బిడ్డలు ఏ లెక్కలోను లేరు. పార్లమెంటు 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. ఈ కారణంతో వైద్యం నిరాకరించకూడదు. ఆమె అనుమతి లేకుండా జబ్బు సంగతి మరొకరికి చెప్పకూడదు. ఆ "మరొకరు"లో కుటుంబ సభ్యులు కూడ వస్తారు. అంటే అత్తగారైనా, మామగారైనా, "మా కోడలికి ఏమిటండీ" అని నర్సును గుచ్చి గుచ్చి అడగకూడదు.

బిడ్డ పుట్టాక తల్లిపాలు. మందులు వాడుతున్న తల్లి ఆరు నెలలు తన పాలు మాత్రమే ఇవ్వాలి. ఇక్కడే మన పెద్దవాళ్ల చేయి పడుతుంది. తేనె నాకించడం, ఆముదం, వస కొమ్ము, ఉగ్గు, "పాలు చాలవు" అని గేదెపాలు. తల్లిపాలతో పాటు పై పాలు కలిపి పట్టడం బిడ్డ పేగుల లోపలి పొరను గాయపరుస్తుంది, ఆ గాయం వైరస్‌కు దారి అవుతుంది. 1999లోనే దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో తల్లిపాలు మాత్రమే తాగిన పిల్లల కన్న కలగలుపుగా తాగినవారికి ఎక్కువగా సోకిందని తేల్చారు. బిడ్డకు కనీసం ఆరు వారాలు చుక్కల మందు, ఆరో వారంలో పాదం నుంచి రక్తం చుక్కతో పరీక్ష, మళ్లీ ఆరు నెలలకు, ఏడాదికి, చివరకు పద్దెనిమిది నెలలకు. మధ్యలో ఒక పరీక్షలో లేదని వస్తే మానివేయకూడదు.

ఇప్పుడు మన మధ్య కూర్చున్న మగవారికి ఒక మాట. జబ్బు ఇంట్లో మొదట బయటపడేది ఆడదాని పరీక్షలోనే, ఎందుకంటే గర్భం వస్తే పరీక్ష జరుగుతుంది. మగవాడికి ఆ పరీక్ష ఎవరూ చేయరు. అందుచేత "నువ్వే తెచ్చావు" అని ఆమెను పుట్టింటికి తోలేస్తారు. చాలాచోట్ల భర్త నుంచే వచ్చి ఉంటుంది, ఎవరి నుంచి వచ్చిందన్న పంచాయతీ బిడ్డను బ్రతికించదు. భర్తకు కూడ పరీక్ష చేయించి, అవసరమైతే మందు మొదలుపెట్టించండి. ఇంట్లో అనుమానం, తిట్లు, దెబ్బలు ఉన్నచోట ఆమె మొదట మానేది మందే. నేను చూసిన ఆలస్యపు కేసులలో చాలావాటికి మూలం ఇదే.

నన్ను తరచు అడుగుతారు. "కోడలు చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది, తెలియకపోతే మేము ఏం చేయగలం?" అని. ఆలోచించండి. ఇంతసేపు నేను చెప్పినవాటిలో జబ్బు పేరు తెలిస్తే తప్ప చేయలేనిది ఏముంది? తొందరగా నమోదు, కడుపునిండా తిండి, ఐరన్ మాత్ర, దగ్గు వస్తే పరీక్ష, ఆసుపత్రి కాన్పు, తల్లిపాలు, ఆమె నెలకోసారి ఒంటరిగా ఎక్కడికో వెళతానంటే "ఎందుకు" అనకుండా బస్సు చార్జీ ఇవ్వడం, ఆమె పెట్టె, ఆమె ఫైలు తెరవకుండా ఉండటం. జబ్బు ఉన్న పిల్లకూ లేని పిల్లకూ ఇవన్నీ కావలసినవే. తెలుసుకోవాలన్న మన ఆరాటమే చాలాసార్లు ఆమె మందు మానడానికి కారణం అవుతుంది. ఆమె తనంతట తాను చెబితే మాత్రం ఆ తాతగారిలాగా ఒక గ్లాసు నీళ్లు తెచ్చి ఇవ్వండి.

సమయం మించిపోయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్కటి చెప్పి ముగిస్తాను. జాతీయ ఎయిడ్స్ సహాయవాణి నంబరు 1097. చార్జీ లేదు, పేరు చెప్పనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. పెన్షను పుస్తకం వెనుక అట్ట మీద రాసి పెట్టుకోండి. అడగదలచినవారు ఇప్పుడు అడగవచ్చు. పదిమందిలో అడగడం ఇష్టం లేనివారికి, భోజనాల తరువాత ఆ వరండా చివర వేపచెట్టు కింద కూర్చుని ఉంటాను.